తిరిగి రాని రొట్టెల పద్దు

ముప్పై రెండేళ్ళు ఆడిటు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, దేవుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్న నా పరిధిలోకి రాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నా పరిధిలోకి వచ్చేది లెక్క ఒక్కటే. మా నెల్లూరులో ఏటా మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ లెక్కపై ఒక చిన్న అభ్యంతరం నమోదు చేయదలచుకున్నాను.

పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను. బారా షహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవారు పుచ్చుకుని తింటారు. తీరితే మరుసటి ఏడు వచ్చి మరొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె అంటూ జరిగే ఇంత స్పష్టమైన పద్దుల విభజనను నేను ఏ ప్రభుత్వ శాఖలోనూ చూడలేదు. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్ళలో నిలబడి ఒకరి చేతి రొట్టె ఒకరు తినడంలో నాకు పేచీ లేదు. నేను ఏటా వెళ్ళేది అది చూడటానికే.

నా అభ్యంతరమల్లా ఆ చిట్టాకు జమ వైపు తప్ప రెండో వైపు లేకపోవడం గురించే. నిరుడు ఉద్యోగ రొట్టె తిన్నవారిలో ఉద్యోగం వచ్చినవాడు రొట్టెతో వచ్చి, గట్టిగా పిలిచి మరీ పంచుతాడు. రానివాడు 'రాలేదు' అని రాసిన అట్ట పట్టుకుని నీళ్ళలో నిలబడడు. ఇంట్లో ఉండిపోతాడు, లేదా మళ్ళీ పుచ్చుకునేవారి మధ్యకే వచ్చి చెయ్యి చాస్తాడు. గట్టు మీదినుంచి చూసేవారికి ఇచ్చే చెయ్యి మహిమకు రుజువుగానూ, చాచిన చెయ్యి నమ్మకానికి రుజువుగానూ కనబడుతుంది. నష్టం కూడా జమలోనే పడే ఖాతాను నా సర్వీసు మొత్తంలో ఒక్క సహకార సంఘంలో మాత్రమే చూశాను; దాని పేరు చెప్పను.

ఈ అభ్యంతరం నేను కనిపెట్టినది కాదు. క్రీస్తుకు పూర్వం 45లో రోమన్ రచయిత సిసిరో ఒక కథ రాశాడు. తుపానులో మొక్కుకుని బతికి బయటపడినవారు గుడిలో సమర్పించిన పటాలను దియాగొరాస్ అనే గ్రీకు నాస్తికుడికి మిత్రుడొకడు చూపించి, ఇన్ని చూశాక కూడా దేవతలు మనుషులను పట్టించుకోరంటావా అని అడిగాడట. మునిగిపోయినవారి పటాలు ఎక్కడున్నాయని దియాగొరాస్ ఎదురడిగాడట. గ్రీసు సంగతి నాకు తెలియదు గాని, మా మైపాడు తీరంలో ఆ పటాలు జాలరి ఇళ్ళ గోడల మీద, దండలతో ఉంటాయి.

చదువుకున్నవారి ఖాతా వేరుగా ఉంటుందనుకోవడానికీ వీల్లేదు. 2022 వరకు మా జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరేముందు, దాని నమూనాను తిరుమలలో స్వామి చెంత పెట్టి పూజ చేయించే ఆనవాయితీ అందరికీ తెలిసిందే. ప్రయోగం గెలిస్తే స్వామి కృప. 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 మూడో దశలో పీడనం పడిపోయి విఫలమైనప్పుడు మాత్రం సంజాయిషీ మోటారును అడిగారు. నేను తప్పుపట్టడం లేదు. పై అధికారికి మెమో ఇచ్చిన దాఖలా మా శాఖలోనూ లేదు.

రెండు వైపులా రాసిన లెక్క ఒకటి లేకపోలేదు. అమెరికాలో గుండె బైపాస్ ఆపరేషను చేయించుకున్న 1,802 మందిపై జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. తమ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపులలో, ప్రార్థన అందినవారిలో 52 శాతానికీ, అందనివారిలో 51 శాతానికీ చిక్కులు వచ్చాయి. మీ కోసం ప్రార్థిస్తున్నామని చెప్పి మరీ ప్రార్థించిన మూడో గుంపులో అది 59 శాతం. ఇది నా శ్రీమతికి చదివి వినిపించాను. "ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం మనసు పెట్టి ఎవరు మొక్కుతారండీ?" అంది. ఆ పరిశోధనను అంత సూటిగా విమర్శించడం నాకు చేతకాలేదని ఒప్పుకోవాలి.

ఆమె నమ్మకానికి దాఖలా మా అబ్బాయి వీసా. రెండుసార్లు కాదన్నవారు, ఆమె రొట్టె తిన్న ఏడు మూడోసారి ఇచ్చారు. ఈసారి వాడు బ్యాంకు కాగితాలు సరిగ్గా పెట్టాడని నేను ఓచరు చూపాను. రొట్టె తినకపోయినా వచ్చేదని మీరు రుజువు చేయండి, అంది. దాఖలా చూపవలసింది పద్దు రాసినవారే గాని ఆడిటరు కాదని వివరించబోయేసరికి భోజనం వేళ దాటిపోతున్నందువల్ల, ఆ అంశాన్ని వాయిదా వేయవలసి వచ్చింది.

ఆ మొక్కు చెల్లించడానికి ఆమెతోపాటు నేనూ మోకాలి లోతు నీళ్ళలో దిగాను, సంచి పట్టుకోవడానికి మాత్రమే. "వీసా రొట్టె, వీసా రొట్టె" అని ఆమె పిలుస్తుంటే ఒక కుర్రవాడు వచ్చి పుచ్చుకున్నాడు. తీరని కోరికకు కూడా ఒక్క దాఖలా సంపాదించే అవకాశం పోగొట్టుకోకూడదని, నా ఫోన్ నంబరు రాసిచ్చి, "బాబూ, వీసా రాకపోతే మాత్రం తప్పకుండా కబురు చెయ్యి" అన్నాను. అప్పుడు నా శ్రీమతి చూసిన చూపును ఇక్కడ నమోదు చేయడం లేదు.

కుర్రవాడు రొట్టె నములుతూ, "రాకపోతే మీకు చెప్పేదేముంది సార్, మళ్ళా ఏడు ఇక్కడికే వస్తా కదా" అన్నాడు.