మా ఫ్యామిలీ డాక్టరు సీట్లో కూర్చున్న ఫైలు గారికి

మహారాజశ్రీ రిపోర్టుల ఫైలు గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మేము కుశలంగా ఉంటే తమరికి పనేముంది? తమరు ఒళ్లు చేశారంటే మేము చిక్కినట్టే లెక్క. కాబట్టి ఆ మర్యాద పక్కన పెట్టి అసలు సంగతికి వస్తాను.

తమరు ఒక మామూలు ప్లాస్టిక్ కవరుగా ఇంట్లోకి వచ్చారు. ఇప్పుడు రెండు రబ్బరు బ్యాండ్లు వేసినా ఆగడం లేదు. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు, ఈసీజీలు, డిశ్చార్జ్ సమ్మరీలు, అక్షరాలు చెరిగిపోయి తెల్లబడిన కాగితాలు, ఇంట్లో ఎవరిదో తేలని ఒక స్కానింగ్. ఏ డాక్టరు గదిలోకి వెళ్లినా కుర్చీ రోగిది, బల్ల తమరిది. "ఏమైందండీ?" అన్న ప్రశ్న సగంలో ఉండగానే డాక్టరు చెయ్యి తమరి రబ్బరు బ్యాండు మీద పడుతుంది. తర్వాత ఆయన చూపు తమరి మీదే. రోగి వంక చూసేది ఫీజు చెప్పేటప్పుడే.

తమరిని తప్పుపట్టడం లేదు. ఖాళీగా ఉన్న ఉద్యోగంలోకి తమరిని మేమే లాక్కొచ్చి కూర్చోబెట్టాం. ఒకే డాక్టరు ఇంటిల్లిపాదినీ చూడటం పాతకాలపు పద్ధతి అనుకున్నాం. తలకు ఒకరు, గుండెకు ఒకరు, మోకాలికి ఒకరు, చర్మానికి ఒకరు ఉండగా అన్నిటికీ కలిపి ఒకరెందుకు అనుకున్నాం. "ఊరికే డాక్టరేనా? దేనికీ స్పెషలిస్టు కాదా?" అని ఆయన మొహం మీదే అడిగి వచ్చేశాం. మరి ఇంతమంది చెప్పింది ఒకచోట చేర్చేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలిగా. ఆ బాధ్యత తమరికి అప్పజెప్పాం.

బార్బరా స్టార్‌ఫీల్డ్ అనే అమెరికన్ వైద్యురాలు ప్రాథమిక వైద్యం మీద జీవితమంతా పనిచేశారు. ఆవిడ లెక్కలో దానికి నాలుగు గుర్తులు. ఏ బాధ వచ్చినా మొదట వెళ్లే చోటు అదే కావాలి. ఏళ్ల తరబడి అదే మనిషి చూడాలి. ఒక్క అవయవాన్ని కాక మొత్తం మనిషిని చూడాలి. స్పెషలిస్టుల దగ్గరికి పంపినా ఆ చికిత్సలన్నిటినీ ఒకరు కలుపుకుంటూ రావాలి. తమరిని ఈ నాలుగింటికీ నిలబెట్టి చూశాను. ఏళ్ల తరబడి ఉండటంలో తమరికి నూటికి నూరు, ఎందుకంటే తమరిని పారేసే ధైర్యం ఎవరికీ లేదు. మిగతా మూడింటిలో గుండుసున్నా.

ముఖ్యంగా ఆ చివరిది. తమరి కడుపులోనే ఉన్న ఒక కథ చెబుతాను, తమరికి ఎలాగూ చెప్పడం రాదు కాబట్టి. ఒక పెద్దాయనకు బీపీ ఉందని ఒక డాక్టరు ఆమ్లోడిపిన్ రాశారు. మంచి మందే. కాకపోతే కొందరికి దానివల్ల చీలమండలు వాస్తాయి. ఈయనకూ వాచాయి. వాపు కనబడగానే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లారు. నీరు చేరిందని ఆయన మూత్రం జారీ చేసే మాత్ర ఇచ్చారు. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని మూడో డాక్టరును కలిస్తే, మూత్రాశయాన్ని నెమ్మదింపజేసే మాత్ర తోడైంది. ఆ రకం మందుల్లో కొన్నిటితో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, వయసు మళ్లినవాళ్లకు మతిమరుపు కూడా ముదురుతుంది. మలబద్ధకానికి నాలుగో ఆయన, మతిమరుపుకు ఐదో ఆయన. ఐదు చీటీలూ తమరి దగ్గర తేదీల వారీగా, ఒకదాని కింద ఒకటి, చక్కగా ఉన్నాయి. ఐదుగురూ తమ ముందున్న బాధకు సరైన మందే రాశారు. "కాళ్లు వాచింది ఆ బీపీ మాత్ర మొదలెట్టాకేనా?" అని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఈ వరసకు ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అని వైద్య పత్రికల్లో 1990లలోనే పేరు పెట్టారు. పేరు పెట్టడం వరకూ అయింది, అడిగే మనిషిని పెట్టుకోవడమే మిగిలింది.

పెద్దాయన మొదటిసారి బీపీ చూపించుకున్న రోజు నుంచీ తెలిసిన డాక్టరు ఒకరుంటే, వాపు చూసి ఆ మాత్ర మోతాదు తగ్గించేవారో, మందే మార్చేవారో. అక్కడితో నాలుగు చీటీలు తమరి కడుపులో పడకుండా పోయేవి. తమరికి నష్టమే, ఒప్పుకుంటాను.

ఇక తమరి ఆస్తిపాస్తుల్లో పెద్ద వాటా చుక్కలదే. రిపోర్టులో అంకె పక్కన ఒక చుక్క గుర్తు పడిందా, ఇంట్లో అందరికీ టెన్షన్. నార్మల్ హద్దులు గీసే పద్ధతిలోనే ఒక తిరకాసు ఉంది. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది అంకెలు లోపల ఇమిడేలా ఆ గీతలు గీస్తారు. అంటే మిగిలిన 5 శాతం మంది ఏ జబ్బూ లేకుండానే గీత బయట నిలబడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, గుండ్రాయిలా ఉన్న మనిషికి సైతం కనీసం ఒక చుక్క పడే అవకాశం దాదాపు 64 శాతం. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో ఈ లెక్కలో కొంత దొరుకుతుంది. చుక్కకు ఇంకో పరీక్ష, దానికొక స్కానింగ్, అందులో కనబడిన చిన్న నీటితిత్తికి ఇంకో స్పెషలిస్టు.

మనిషిని ఎరిగిన డాక్టరైతే ఆ చుక్క చూసి, "మీకిది ఎప్పుడూ ఇంతే, వదిలేయండి" అంటారు. ఆ "వదిలేయండి" తమరి నోట రాదు. అనాలంటే రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకునే మనిషి కావాలి. "మూడు రోజులు చూద్దాం, తగ్గకపోతే మళ్లీ రండి" అనేది ఇంకా కష్టం. మళ్లీ వస్తే అదే కుర్చీలో అదే మనిషి ఉంటేనే ఆ మాటకు విలువ. కొత్తగా మొదలైన ఒంట్లోని నలత చాలాసార్లు ఏ జబ్బు రూపమూ తీసుకోకుండానే పోతుంది. కొన్నిసార్లు మూడో రోజుకు అసలు రూపం చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా పసిగట్టడమే ఫ్యామిలీ డాక్టరు ప్రత్యేక విద్య. దానికి మిషను లేదు, అందుకే దానికి బోర్డు మీద గౌరవమూ లేదు.

ఈ చిన్నచూపు డాక్టర్ల చదువులోనే ఉంది. 1961లో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో సుమారు 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టరును కలుస్తారు. ఆస్పత్రిలో చేరేది 9 మంది. పెద్ద బోధనాసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. మరి వైద్య విద్యార్థులు పని నేర్చుకునేది ఎక్కడ? ఆ ఒక్కరి మంచం చుట్టూ.

తమరి వంశంలో పుణ్యాత్ములు లేకపోలేదు. విలియం పికిల్స్ అని ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ పల్లెల డాక్టరు ఒకాయన ఉండేవారు. లోయలోని ఊళ్లలో ఎవరికి ఎప్పుడు జబ్బు చేసింది, అంతకుముందు ఎవరు ఎవరిని కలిశారు అన్నీ రాసుకునేవారు. అందరూ తెలిసినవాళ్లే కాబట్టి ఎవరింటికి ఎవరొచ్చారో ఆయనకు తెలుసు. ఆ రాతల ఆధారంగానే అంటు కామెర్లు సోకాక బయటపడటానికి ఎన్నాళ్లు పడుతుందో తేల్చారు. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీకి 1953లో మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆయన దగ్గరున్నదీ తమరిలాంటి కాగితాల కట్టే. రాసిన మనిషికి ఆ పేర్లున్నవాళ్ల గుమ్మాలు తెలుసు, తేడా అంతే.

ప్రభుత్వాలను అడుగుదామా అంటే, అవి 1978లోనే మాట ఇచ్చేశాయి. ఇప్పటి కజకిస్తాన్‌లోని ఆల్మా-అటాలో దేశాలన్నీ కూర్చుని, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం, దానికి దారి ప్రాథమిక వైద్యం అని ప్రకటించాయి. 2000 చెప్పిన టైముకే వచ్చింది. ఆరోగ్యం రాలేదు. 2018లో అదే దేశంలోని అస్తానాలో మళ్లీ కూర్చుని మళ్లీ ప్రకటించాయి. ప్రకటనలు దాచుకోవడానికి వాళ్ల దగ్గరా తమరిలాంటివారు ఉండే ఉంటారు.

మాట మీద నిలబడ్డ చోట్లా ఉన్నాయి. నార్వే 2001లో దాదాపు ప్రతి ఒక్కరి పేరూ ఒక డాక్టరు జాబితాలోకి ఎక్కించింది. అక్కడి రికార్డులు పరిశీలిస్తే, ఒకే డాక్టరుతో 15 ఏళ్లు దాటినవాళ్లలో, ఏడాది పరిచయమే ఉన్నవాళ్లతో పోలిస్తే, అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడం, మరణించడం రెండూ సుమారు పావు వంతు చొప్పున తక్కువగా కనిపించాయి. ఇది పరిశీలనే, ఒట్టేసి చెప్పే రుజువు కాదు. కానీ ఏదైనా మాత్ర ఈ మాత్రం ఫలితం చూపించి ఉంటే దాని ప్రకటనలతో గోడలన్నీ నిండిపోయేవి.

అలాగని ఫ్యామిలీ డాక్టర్లను ఆకాశానికెత్తడం లేదు. వాళ్లూ పొరబడతారు. పెద్ద జబ్బును గ్యాస్ అని పంపించేసినవాళ్లూ ఉన్నారు. అయితే వాళ్లకు మేమిస్తున్న సమయమెంత? 67 దేశాల లెక్కలు కూర్చి 2017లో అచ్చైన సమీక్షలో, ప్రాథమిక వైద్యుడు ఒక రోగితో గడిపే సగటు సమయం ఒకచోట 48 సెకన్లు, ఇంకోచోట 22 నిమిషాల పైన. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న దేశాల్లో అది ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో. ఆ ఐదు నిమిషాల్లో తమరి రబ్బరు బ్యాండు విప్పడానికే ఒకటి పోతుంది.

అందుచేత తమరికి విన్నపం. పూర్తిగా రిటైర్ కమ్మనడం లేదు, గుమస్తా ఉద్యోగానికి దిగండి చాలు. పైన ఒక్క కాగితం ఉంచండి: ఇప్పుడు వాడుతున్న మందులు, అవి ఎప్పుడు ఎందుకు మొదలయ్యాయి, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు. మిగతాది లోపల దాచుకోండి. ఆ కాగితం చదివి నా మొహం వంక చూసే ఒక డాక్టరును వెతుక్కునే పని నాది.

ఇట్లు,
తమరిని మోసి మోసి కుడి భుజం పట్టేసిన
ఒక రోగి

తా.క.: ఈ భుజం నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికా, నరాల డాక్టరు దగ్గరికా, గుండె డాక్టరు దగ్గరికా వెళ్లాల్సింది? తమరి కాగితాల్లో ఎక్కడైనా రాసి ఉంటే తిరుగుటపాలో తెలియజేయగలరు.