ర్యాంపంటే జారుడుబల్ల కాదు

"వ్యాపారులారా, మేలుకోండి" అంటూ ఒక పోస్టరు శ్రీకాకుళం, విజయనగరం గ్రూపుల్లో తిరుగుతోంది. ఒకే రోజు ముగ్గురు మిత్రులు అదే పంపితే ఎవరికైనా చిరాకొస్తుంది. కొత్త చట్టం వల్ల ప్రతి దుకాణమూ నూటికి నలుగురు వికలాంగుల్ని పెట్టుకోవాలట. చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి, అదే ర్యాంపు, దానికే మూడు లక్షలట. వాళ్లొస్తే నాణ్యత పోతుందట. చూపులేనివాళ్లు కంప్యూటరు పని చెయ్యలేరట. అయినా పింఛనొస్తోంది, ఇంట్లో కూర్చోవచ్చు కదా అట.

ముందు ఆ నాలుగు శాతం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అమల్లోకొచ్చింది 2017 ఏప్రిల్‌లో. ఇదా కొత్త చట్టం! అందులో నాలుగు శాతం రిజర్వేషన్ ప్రభుత్వ సంస్థలకి. కిరాణా కొట్టుకి కాదు. ప్రైవేటు సంస్థని అడిగింది సమాన అవకాశాల విధానం రాసి అందరికీ తెలిసేలా పెట్టమని. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట ఆ కాగితంలో వికలాంగులకి ఏయే పనులు సరిపడతాయో, ఆ వ్యవహారం చూసే అధికారి ఎవరో కూడా ఉండాలి. దీనికి మేలుకోవాల్సినంత గండం ఏటుందో మరి.

ర్యాంపు దగ్గర కాస్త ఆగాలి. పోస్టరు రాసినాయన టేపు పట్టుకున్నట్టు లేదు. లెక్క 1:12, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. గుమ్మం ముందు ఆరంగుళాల మెట్టు ఒక్కటే ఉంటే ఆరడుగుల ర్యాంపు చాలు. మూడు మెట్లుంటే, పద్దెనిమిది అంగుళాలకి పద్దెనిమిది అడుగులు. వెడల్పు నాలుగడుగులు పెట్టుకుంటే నింపాల్సింది 54 ఘనపుటడుగులు. ఇటుక ముక్కలు, గ్రావెల్ వేసి దిమ్మిస చేసి పైన కాంక్రీటు పోసే పని. మూడు లక్షల అంచనా ఏ మేస్త్రి ఇచ్చాడో గానీ, అతని చేత ఇల్లు మాత్రం కట్టించుకోకండి.

డబ్బు కన్నా పెద్ద జబ్బు కొలత తప్పడం. మూడు మెట్ల పక్కన మూడడుగుల్లో సిమెంటు వాలుగా పోసేసి "ర్యాంపు పెట్టాం" అంటారు. అది 1:2. చక్రాల కుర్చీ దాని మీద వెనక్కి తిరగబడుతుంది. దానికి పైన నునుపు టైల్సు వేస్తే వానాకాలంలో కాళ్లున్నవాడు కూడా జారతాడు. గరుకుగా చీపురు గీతలు లాగి వదిలెయ్యాలి. రెండు వైపులా రెండున్నర, మూడడుగుల మధ్య ఎత్తులో పట్టుకునే కడ్డీ ఉండాలి. పైన కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును కావాలి. ఇంతా చేసి షట్టరు దగ్గర రెండంగుళాల గడప వదిలేస్తే చేసిందంతా దండగే. తలుపు మూడడుగులు తెరుచుకోవాలి. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీ వెళ్లాక మూసుకోదు, బందులు మార్చి బయటికి తిప్పాలి. ఇక ర్యాంపు మీద బండ్లు ఆపేవాళ్లకి ఏ ఇంజనీరూ మందు చెప్పలేడు.

ఒకటి ఒప్పుకోవాలి. రోడ్డు నీళ్లు లోపలికొస్తాయని అరుగు రెండడుగులు లేపేసి, ముందు కాలువ, ఆ వెంటనే రోడ్డు ఉన్న పదడుగుల కొట్టుకి ఇరవై నాలుగడుగుల ర్యాంపు పట్టదు. గోడ వెంట మలుపు తిప్పడానికి సందు కూడా లేకపోతే నిజంగానే కుదరదు. అక్కడ కింద బెల్లు పెట్టి సరుకు కిందికే అందించడం సర్దుబాటే తప్ప పరిష్కారం కాదు. పోస్టరు ఈ మాటొక్కటి చెప్పుంటే ఇంత రాయనవసరం లేకపోయేది.

నాణ్యత మాటకొస్తే, విజయనగరం వాళ్లు ఫార్వర్డు చెయ్యడమే వింత. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు బాగా తక్కువ. 1919లో ఆ ఊరి సంగీత కళాశాల ఆయన్ని వయొలిన్ ఆచార్యుడిగా తీసుకుంది. 1936లో ఆయనే ప్రిన్సిపాలు. నాణ్యత ఎంత పడిపోయిందో చెప్పండి బాబూ! అలాగని ద్వారం వారంతటి వాడైతేనే కుర్చీ వేస్తామనడం ఇంకో రకం అన్యాయం. మిగతా గుమస్తాలు మామూలుగా రాస్తే సరిపెట్టుకుంటున్నాం కదా.

పింఛను నెలకి 6,000. పోస్టరు రాసినాయన ఆ డబ్బుతో ఒక నెల ఇల్లు నడిపి చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ప్రభుత్వోద్యోగికి సర్వీసులో ఉండగా కాలు పోతే ఇంటికి పంపకూడదని, అదే జీతంతో చెయ్యగల పనికి మార్చాలని ఆ చట్టంలోనే సెక్షన్ 20 చెబుతోంది. పింఛనుంది కదా, పోనీలే అనలేదు.

కంప్యూటరు సంగతి. ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. తెర మీది అక్షరాల్ని, తెలుగుతో సహా, చదివి వినిపిస్తుంది. అది తడబడేది మనం చేసిన పనుల వల్లే. డీటీపీ వాళ్లు వాడే పాత "అను" ఫాంట్లలో కొట్టిన తెలుగు లోపల ఇంగ్లీషు గుర్తులుగా ఉంటుంది, కాబట్టి అర్థంలేని శబ్దాలు వినిపిస్తాయి. ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగులో కొడితే ఆ బాధ లేదు. సర్క్యులర్ని ప్రింటు తీసి, ఫోనులో ఫొటో కొట్టి గ్రూపులో పెడితే అందులో చదవడానికి అక్షరమే ఉండదు. ఫైలునే పంపాలి.

మన పోస్టరు కూడా ఫొటోగానే వచ్చింది. పోనీలెండి, ఆ మాటలు చూపులేనివాళ్ల చెవిన పడకుండా పోయాయి.