గోధుమరంగు నీళ్లు, పది రెట్ల సైట్లు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ తతంగం తెలిసే ఉంటుంది. ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో వాటర్ ప్యూరిఫయర్ కంపెనీ కుర్రాడు టేబుల్ వేసుకుని కూర్చుంటాడు. రెండు గాజు గ్లాసులు పెడతాడు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్లు, రెండోదాంట్లో వాళ్ల మెషీన్ నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరం ఒకటి రెండింటిలోకీ దించి స్విచ్ వేస్తాడు. నిమిషం తిరిగేసరికి కుళాయి నీళ్లు గోధుమరంగుకు తిరిగి పైన మడ్డిలాగా తేలుతుంది. మెషీన్ నీళ్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. "రోజూ పిల్లలకు ఇవే తాగిస్తున్నారాంటీ" అంటాడు, చాలా బాధగా. మా బ్లాకులో ఈ మాటకు ఒక పెద్దావిడ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేసింది.

ఆ రంగు కుళాయిలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది. పారుతున్నకొద్దీ ఇనుప కడ్డీ కరిగి తుప్పై నీళ్లలో కలుస్తుంది. అతని మెషీన్ ఆర్‌ఓ, అంటే సన్నటి పొర గుండా నీళ్లు నెట్టి లవణాలు తీసేసేది. ఆ నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీకి ఏమీ కాదు. అతని మెషీన్ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి, అవీ అదే రంగుకు తిరుగుతాయి.

అలాగని ఆర్‌ఓ అంతా మోసమని నేననను. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే గతి లేనిచోట 2,000 దాకా పర్వాలేదు. 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి గుట్టలెక్కించి పంపు చేస్తే బెంగళూరు చేరతాయి. ఆ నీళ్లే కుళాయిలో వస్తున్న ఇంట్లో ఆర్‌ఓ పెట్టి, అందులో సగానికి సగం మోరీలోకి వదలడం నాకు మింగుడుపడదు. అదే బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద బతికే లేఅవుట్లలో అయితే పరిస్థితి వేరు. 2024 ఎండాకాలంలో ఏ ట్యాంకర్ ఏ బోరు నుంచి తెస్తోందో తెచ్చేవాడికే తెలియదు. అక్కడ ఆర్‌ఓ అవసరం కావచ్చు. ఇంకో సంగతి, టీడీఎస్ మీటరు కరిగిన లవణాల అంచనా మాత్రమే చెబుతుంది. సూక్ష్మజీవుల ఊసు దానికి తెలియదు. కాబట్టి ఒకసారి ల్యాబులో నీళ్లు పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత మెషీన్ సంగతి చూడాలి.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, మన గ్రూపుల్లో తిరిగే మాటల్లో పచ్చి అబద్ధాలు తక్కువే. ఎక్కువభాగం ఈ గ్లాసుల బాపతే. కళ్లెదుట జరిగింది నిజంగా జరిగిందే, దాని మీద కట్టిన మాట మాత్రం నిలవదు. అందుకే ఎవరో పంపిన మెసేజ్ కింద "ఫేక్" అని కొట్టేసి వెళ్లిపోతే పంపినవాళ్లకు కోపం రావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. వాళ్లు కళ్లారా చూశారు మరి. చూపించింది సరే, చూపించనిది ఏముంది అని అడగాలి.

ఈ ప్రశ్న అడగడం మన తెలుగువాళ్లకు అన్నిటికంటే కష్టమయ్యేది సైటు, అంటే ఇళ్ల స్థలం దగ్గర. ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా ఒక బావగారు దొరుకుతారు. "ఇరవై ఏళ్ల కింద పది లక్షలకు కొన్నా, ఇప్పుడు కోటి" అంటారు. ఆకులో పప్పు చల్లారిపోతుంది, వినేవాళ్ల కడుపులో మంట మొదలవుతుంది. సరే, లెక్క వేద్దాం. ఇరవై ఏళ్లలో పది రెట్లంటే ఏటా 12 శాతం చిల్లర, చక్రవడ్డీ లెక్కన. 8 శాతం వడ్డీకి బ్యాంకులో వేసి కదపకుండా ఉంచితే అదే ఇరవై ఏళ్లలో నాలుగున్నర రెట్లు దాటేది. మంచి బేరమే, కాదనను. ఇక షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2004 చివర్లో 6,600 దగ్గర ఉంది, 2024 చివరికి 78 వేలు దాటింది. దాదాపు 12 రెట్లు, డివిడెండ్లు కాకుండానే. కానీ కారులో తీసుకెళ్లి చూపించడానికి దానికి ప్రహరీగోడ లేదు కదా, పంక్తిలో ఆ ప్రస్తావన రాదు.

సైటు తరఫున కూడా ఒక మాట చెప్పాలి. 2020 జనవరిలో 42 వేలు తాకిన సెన్సెక్స్ మార్చి 23కల్లా 26 వేలకు పడిపోయింది. టెన్షన్ తట్టుకోలేక ఆ వారంలో అమ్మేసుకున్నవాళ్లు నాకు తెలుసు. సైటు ధర రోజూ ఫోన్‌లో కనిపించదు, కాబట్టి ఎవరూ భయపడి అర్ధరాత్రి అమ్మరు. బావగారి లాభంలో సగం ఆయన తెలివి అయితే, మిగతా సగం అమ్మకుండా కూర్చోక తప్పకపోవడం.

అసలు చిక్కు వేరేచోట ఉంది. బావగారు కొన్న ఏడే ఇంకో దిక్కున రెవెన్యూ సైటు కొన్న చిన్నాన్న ఒకాయన ఉంటారు. వ్యవసాయ భూమిని కన్వర్షన్ (ఇళ్ల స్థలంగా మార్పు) చేయించకుండా ముక్కలు కోసి అమ్మిన లేఅవుట్ అది. చేతిలో బి ఖాతా కాగితం, అంటే అనుమతులు సరిగా లేని ఆస్తికి ఇచ్చే రికార్డు. చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, కొనడానికి వచ్చినవాడు కాగితాలు చూసి టీ తాగి వెళ్లిపోతాడు. పైగా అసలు రైతు మనవళ్లు కోర్టులో వేశారు. ఆయన పంక్తిలో ఈ మాట ఎత్తుతారా? పెరుగన్నం తిని చేయి కడుక్కుంటారు. దేవనహళ్లిలో ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది, అటువైపు ముందే కొన్నవాళ్ల కథలు మనందరికీ కంఠతా వచ్చు. ఎయిర్‌పోర్టు రాని దిక్కున, వస్తుందనుకుని కొన్నవాళ్ల కథలు ఎవరు చెబుతారు? బావగారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కరి మాట విని కోట్లు పెట్టేముందు చిన్నాన్నను కూడా వెతికి పట్టుకోవాలి. ఆయన ఎప్పుడూ ఉంటారు.

బంగారం ఎన్నడూ నష్టం రానివ్వదనే మాటకు కూడా ఇదే వర్తిస్తుంది. 2012లో 10 గ్రాములు సుమారు 31 వేలు, ఆరేళ్ల తర్వాత 2018లోనూ దాదాపు అంతే. ఆ మధ్యలో కొని అవసరానికి అమ్ముకున్నవాళ్లు, ఈమధ్య పెరిగిన ధర చూసి ఏమీ మాట్లాడరు.

ఆరోగ్యం దగ్గరికొస్తే మన చిన్నాన్నలు ఇంకా నిశ్శబ్దంగా ఉంటారు. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందు కోసం బెంగళూరు నుంచి కూడా రైలెక్కేవాళ్లున్నారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు, శాకాహారులకైతే బెల్లంతో ఇస్తారు, డబ్బు తీసుకోరు. మందు మింగాక తగ్గిందనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఉబ్బసం సీజన్‌ను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. బాగా ముదిరినప్పుడే మనం ప్రయాణం కడతాం. ముదిరింది కొన్నాళ్లకు నెమ్మదించడం ఆ జబ్బు నడకలోనే ఉంది. తగ్గనివాళ్లు మళ్లీ వెళ్లి క్యూలో నిలబడి "మాకు పనిచేయలేదు" అని రాయించరు, రాసుకునే పుస్తకమూ లేదు. నమ్మకంతో మింగితే మింగండి, నేను వాదనకు రాను. ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

రాగుల మీద మాట్లాడాలంటే భయంగా ఉంది. మా రాయలసీమ వాళ్లు సంగటి అంటారు, పక్కింటి కన్నడ వాళ్లు ముద్దె అంటారు, ఇద్దరూ కలిసి నా మీదికి వస్తారు. కాల్షియం విషయంలో రాగికి తిరుగులేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంటుంది, తెల్లబియ్యంలో 8 కూడా ఉండదు. పీచు కూడా నాలుగింతలు. అయితే షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చన్నది మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు. పిండిపదార్థం రాగిలో 67 గ్రాములు, బియ్యంలో 78. తేడా ఉంది కానీ, పెద్ద ముద్ద తింటే ఆ తేడా కాస్తా ముద్దలోనే కలిసిపోతుంది. మెత్తగా ఆడించి జావ కాస్తే రక్తంలోకి ఇంకా త్వరగా చేరుతుంది. అన్నం తగ్గించి సంగటి, పక్కన ఆకుకూర పప్పు తింటే లాభం. రోజూ తినే అన్నం అలాగే తిని, పైన ఆరోగ్యం కోసమని గ్లాసుడు జావ తాగితే షుగర్ పెరగక ఏమవుతుంది? దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కతేల్చింది. అందులో మన అన్నం పళ్లేల వాటా చిన్నదేమీ కాదు.

సెల్ టవర్ వల్ల క్యాన్సర్ వస్తుందనే గొడవ గురించి రెండే మాటలు. 2011లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ సెల్‌ఫోన్ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి జాబితాలో చేర్చిన మాట వాస్తవమే. అదే జాబితాలో ఆసియా పద్ధతి ఊరగాయలు కూడా ఉన్నాయి. ఆవకాయ జాడీ దాచేయకండి, అది తూర్పు ఆసియా వాళ్లు ఊరబెట్టే కూరల గురించి. సాక్ష్యం ఎంత గట్టిదో ఆ జాబితా చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. టవర్ దూరమై సిగ్నల్ తగ్గితే చెవి దగ్గరున్న ఫోనే ఇంకా గట్టిగా అరవాలి. జనరల్ బాడీ మీటింగ్‌లో టవర్ వద్దని గంటసేపు వాదించిన పెద్దమనిషి, బయటికొచ్చి ఫోన్ చెవికి ఆనించుకుని ఇంకో గంట అదే సంగతి మాట్లాడతాడు.

ఇంతదాకా పెద్దవాళ్లనే ఆడిపోసుకున్నట్టుంది. మన టెకీ పిల్లలేమీ తక్కువ తినలేదు. ఏఐ వాడితే పని వేగం రెట్టింపైందని ప్రతి ఆఫీసు క్యాంటీన్‌లో వింటున్నాం. 2025 జూలైలో మెటర్ అనే అమెరికన్ సంస్థ అనుభవమున్న 16 మంది డెవలపర్లకు 246 పనులిచ్చి గడియారం పెట్టి చూసింది. ఏఐ వాడితే 24 శాతం సమయం మిగులుతుందని వాళ్లు ముందు అనుకున్నారు. పని అయ్యాక కూడా 20 శాతం మిగిలిందనే చెప్పారు. గడియారం చూస్తే ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ పట్టింది. పదహారు మందే, అదీ ఏళ్ల తరబడి చేతికి అలవాటైన కోడ్ మీద, ఆనాటి టూల్స్‌తో. కాబట్టి ఏఐ దండగ అని దీన్నుంచి తేల్చేస్తే మనమూ గ్లాసుల కుర్రాడిలాగే మాట్లాడినట్టు. నన్ను ఆపింది వేరే సంగతి. ఆ పదహారు మందీ తమ పనే తాము చేసుకుని, ఎంతసేపు పట్టిందో చెప్పలేకపోయారు. "నేను వాడి చూశా" అన్న మాట చేప మందు దగ్గర ఎంత బరువు తూగుతుందో ఇక్కడా అంతే. అటు ఏఐకి పునాదులు వేసినవాళ్లలో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటివాడు 2016లో, ఐదేళ్లలో యంత్రాలే మేలవుతాయి కాబట్టి స్కాన్‌లు చదివే డాక్టర్లను, అంటే రేడియాలజిస్టులను తయారు చేయడం ఆపేయమన్నాడు. తర్వాత 2024లో ఆయనకు నోబెల్ వచ్చింది. రేడియాలజిస్టులు ఇంకా స్కాన్‌లు చూస్తూనే ఉన్నారు.

ఇక మన తెలుగు సంఘం సంగతి. ఉగాది వేడుకల్లో స్పాన్సర్లకు స్టాలు, వేదిక మీద ఐదు నిమిషాల మైకు ఇస్తున్నాం. వాళ్లలో లేఅవుట్ కంపెనీలే ఎక్కువ. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదని 2016 చట్టం చెబుతోంది. మన వేదిక మీద పలికే మాట కూడా ప్రకటనే. కాబట్టి రెరా నంబరు, ఖాతా ఏ రకమో, కన్వర్షన్ అయిందో లేదో బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో రాయనివాళ్లకు మైకు ఇవ్వకూడదు. అంతకుముందు మన వేదిక మీద అమ్మిన లేఅవుట్లలో ఎంతమందికి రిజిస్ట్రేషన్ అయిందో, ఎంతమంది కోర్టు చుట్టూ తిరుగుతున్నారో ఈ పత్రికలోనే ఒక పేజీలో వేద్దాం, పేర్లు అక్కర్లేదు. స్పాన్సర్లు కొందరు తప్పుకుంటారు, భోజనంలో ఒక స్వీటు తగ్గుతుంది. వచ్చే కమిటీ మీటింగ్‌లో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. బలపరచడానికి ఇద్దరు కావాలి.