జార్జ్ ఖాన్ ఇంట్లో నవ్వు ఎవరి మీద?

(1999 నాటి బ్రిటిష్ హాస్యచిత్రం ‘ఈస్ట్ ఈజ్ ఈస్ట్’ గురించి ఒక అక్కకూ తమ్ముడికీ మధ్య వాదన. కథాకాలం 1971, ఊరు ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్. పాకిస్తాన్ నుంచి వచ్చి చేపల వేపుడు దుకాణం నడుపుకుంటున్న జార్జ్ ఖాన్, ఇంగ్లిష్ భార్య ఎల్లా, వాళ్ల ఏడుగురు పిల్లలు. పిల్లలు పాకిస్తానీ ముస్లింలుగా బతకాలని తండ్రి పట్టుదల. వాళ్లకేమో ఆ దేశమే తెలియదు.)

తమ్ముడు: వలస కుటుంబం మీద ఇంత నిజాయితీగా తీసిన హాస్యచిత్రం నేను ఇంకొకటి చూడలేదక్కా. రచయిత అయూబ్ ఖాన్‌దిన్ సాల్‌ఫర్డ్‌లో అలాంటి ఇంట్లోనే పెరిగాడు. ముందు నాటకంగా రాశాడు, తర్వాత సినిమా చేశాడు. తన ఇంటి గుట్టు తానే చెప్పుకుంటుంటే మనం తప్పు పట్టడమేమిటి?

అక్క: చెప్పే హక్కు అతనికి లేదని నేను అనలేదు. చూసేవాళ్ల సంగతి ఆలోచించు. అప్పటి బ్రిటిష్ తెర మీద పాకిస్తానీ తండ్రి కనిపించడమే అరుదు. ఇక్కడ కనిపించిన జార్జ్ భార్యను కొడతాడు, కొడుకులకు చెప్పకుండా సంబంధాలు ఖాయం చేస్తాడు. తెల్లవాళ్ల సినిమాల్లో ఒక దుర్మార్గపు తండ్రి ఉంటే, పక్కన మంచి తండ్రులు ఎందరో ఉంటారు. జార్జ్ పక్కన ఎవరున్నారు?

తమ్ముడు: ఎవరూ లేకపోతే ఆ లోటు పరిశ్రమది. దాని కోసం ఒక కొడుకు తన తండ్రిని దేవుడిగా చూపించాలా? ఎల్లా దెబ్బలు తిన్నది నిజమైతే, ఆ దెబ్బలు దాచడం ఆమెకు అన్యాయం కాదా? పైగా జార్జ్‌ను రాక్షసుడిగా వదిలేయలేదు. 1968లో వలసల మీద విషం కక్కిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఈనక్ పావెల్‌ను కొలిచే ముసలాయన అదే వీధిలో ఉన్నాడు. ఆయన మనవరాలు జార్జ్ కొడుకును ప్రేమిస్తోంది, మనవడేమో జార్జ్ చిన్నకొడుకుకు ప్రాణస్నేహితుడు! కథ జరిగే 1971లోనే పాకిస్తాన్ రెండుగా చీలుతోంది. వదిలి వచ్చిన దేశమూ, కట్టుకున్న ఇల్లూ ఒకేసారి చేజారిపోతున్న మనిషిని, జార్జ్‌గా నటించిన ఓంపురి చూపించాడు. అతని కోపం వెనక భయం కనిపిస్తుంది.

అక్క: ఓంపురి గొప్పతనం ఒప్పుకుంటాను. అసలు ఆ మొదటి సన్నివేశమే చాలు, పిల్లలు క్రైస్తవ ఊరేగింపులో విగ్రహాలు మోస్తూ, తండ్రి కంటబడకుండా వెనక సందులోంచి పరుగెత్తడం. రెండు మతాల మధ్య బాల్యం ఎలా ఉంటుందో ఒక్క మాట ఉపన్యాసం లేకుండా చెప్పేశారు. నాకు కోపం అక్కడ కాదు, జార్జ్ తన ఇద్దరు కొడుకులకు ఖాయం చేసిన షా గారి ఇద్దరు కూతుళ్ల దగ్గర.

తమ్ముడు: పెళ్లిచూపుల సన్నివేశమా? హాలంతా పగలబడి నవ్వింది కదా!

అక్క: అందుకే. ఆ అమ్మాయిలు చేసిన తప్పేమిటి? అందంగా లేకపోవడం. వాళ్లను చూసి అన్నదమ్ములు హడలిపోతారు, మనం నవ్వుతాం. జార్జ్ కొడుకులకు అభిప్రాయం ఉంది, ప్రేయసి ఉంది, కోపం ఉంది. బలవంతపు పెళ్లి ఆ అమ్మాయిలిద్దరికీ బలవంతమే కదా, వాళ్ల మనసులో ఏముందో ఒక్కరైనా అడిగారా?

తమ్ముడు: అది ఆ అబ్బాయిల చూపు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అలాగే చూస్తారు.

అక్క: అబ్బాయిల చూపు సరే, కెమెరా కూడా వాళ్ల పక్కనే నిలబడిందే! తండ్రి హింసను తప్పని చెప్పిన సినిమా, ఈ వెక్కిరింతను మాత్రం తప్పనలేదు. వలస కుటుంబాల మీద తీశారు కాబట్టి అందరికీ చోటు దొరికిందని అనుకోకు. అందులోనూ వెనక వరుసలో కూర్చోబెట్టింది ఆడవాళ్లనే. పాకిస్తాన్‌లో ఉన్న జార్జ్ మొదటి భార్యను చూడు, ఎల్లాను బెదిరించడానికి అతను వాడుకునే పేరుగా మిగిలింది.

తమ్ముడు: ఆమెకు రెండో సినిమాలో న్యాయం చేశాడు కదా! 2010లో వచ్చిన ‘వెస్ట్ ఈజ్ వెస్ట్’లో ఆ పాత్రను నటి ఇలా అరుణ్ చేసింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఎల్లాతో ఆమె మాట్లాడే సన్నివేశం ఆ సినిమాకే ప్రాణం.

అక్క: అవును, బాగుంది. ఆమెకు ముఖం ఇచ్చాక కథ పలచబడలేదు, చిక్కబడింది. మొదటి సినిమాలోనే షా గారి పెద్దమ్మాయి చేత ‘నాకూ ఈ సంబంధం ఇష్టం లేదు’ అనిపించి ఉంటే, హాస్యం తగ్గేదా?

తమ్ముడు: తగ్గేది కాదు. జార్జ్‌కు ఇంకా పెద్ద చిక్కు వచ్చిపడేది.