క్రోమోజోములు లెక్కపెట్టేవాళ్లను కాస్త పక్కన కూర్చోబెట్టండి

నూనెగింజల్లో మనం వెనకబడ్డామంటే దానికి కారణం వాన కాదు, ధర కాదు, పామాయిల్ దిగుమతి అంతకన్నా కాదు. మైక్రోస్కోపు ముందు వంగి కూర్చుని 'ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది... ఆగండి, ఇంకోటేదో పక్కకు పోయింది' అని గొణుక్కునే ఒక రకం మనుషులు. కొత్త సంకరం తయారవుతుంది. ఒంగోల్లో కిసాన్ మేళాకు టెంటు వేస్తారు, ఫ్లెక్సీ కడతారు, శాలువాలు వస్తాయి. సరిగ్గా అప్పుడే ఈ మనిషి వచ్చి, 'ఇంకో నాలుగైదు తరాలు చూద్దాం సార్, క్రోమోజోములు కుదురుకోలేదు' అంటాడు. ఇట్టాంటివాళ్లను పెట్టుకుని వ్యవసాయం ఎట్టా బాగుపడుద్ది?

వేరుశనగ సంగతే తీసుకోండి. నెల్లూరు తీరం ఇసక నేలల్లో తిక్క ఆకుమచ్చ తెగులు వచ్చిందంటే కోతకు ముందే ఆకంతా రాలిపోతుంది. దక్షిణ అమెరికా అడవి వేరుశనగ అరాకిస్ కార్డెనాసీకి ఆ తెగులు ఒక లెక్క కాదు. సాయంత్రం మన రకం మొగ్గలో పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు పొద్దున్నే అడవిదాని పుప్పొడి అద్దితే క్రాస్ అయిపోయినట్టే. మనదానికి 40 క్రోమోజోములు, అడవిదానికి 20. ఇది 20 ఇస్తుంది, అది 10 ఇస్తుంది, పుట్టినదానికి 30. మొక్క గుబురుగా పెరుగుతుంది, ఆకు పచ్చగా ఉంటుంది, పూలు విరగబూస్తాయి. కాయలే పట్టవు. ఇందులో అంత కంగారు దేనికో తెలియదు. వేరుశనగ కాయ మట్టిలో ఉంటుంది, ఫొటో మట్టి పైన తీస్తారు.

ఆ మాటంటే లెక్కల మనిషి ఊరుకోడు. మన వేరుశనగలో ఉన్నవి రెండు జట్లు, ఎ, బి. అడవిది ఎ జట్టు చుట్టం. కాబట్టి మన ఎ జట్టు పదీ దాని పదితో చాలామటుకు జతకడతాయి. బి జట్టు పదికి తోడుండదు. కణం చీలేటప్పుడు ఆ తోడులేనివి నడిమధ్య వెనకబడిపోతాయి, నాలుగు అటు పడితే ఆరు ఇటు పడతాయి, పుప్పొడి తాలుపోతుంది. దీనికి మందు కూడా ఆయన దగ్గరే ఉంది: కొల్చిసిన్. అగ్నిశిఖ గింజల్లో దొరికే విషం. 0.1 నుంచి 0.2 శాతం ద్రావణంలో తడిపిన దూది ఉండను మొలక కొన మీద కొన్ని గంటలు ఉంచాలి. కణంలో క్రోమోజోములను అటూ ఇటూ లాగే కండె తంతువులు ఏర్పడవు కాబట్టి క్రోమోజోములు రెట్టింపవుతాయి, కణం మాత్రం చీలదు. 30 కాస్తా 60. దూది ఆరిపోతే ఫలితం సున్నా, మోతాదు మించితే కొన మాడుతుంది. గ్లవుజులు లేకుండా ముట్టుకోకూడదు. మొక్క కణం కంటే మనిషి కణమే ఈ మందుకు తేలిగ్గా లొంగుతుంది.

60 వచ్చిందంటే కాయా వస్తుంది. ఇక శాలువాలు తెప్పించొచ్చు కదా? వీల్లేదట. దాన్ని మళ్లీ మన 40తో కలపాలి, 50 వస్తుంది. అందులో అడవి జట్టు పది ఒంటరి ప్రాణాలు. ఆ తర్వాత స్వపరాగమైనా, మళ్లీ మన రకంతో కలిపినా, ఒక మొక్కలో 47, పక్కదాంట్లో 44, ఇంకోదాంట్లో 42 అంటూ జారిపోతూ 40కి దిగాలి. అడవి క్రోమోజోము పోతూ పోతూ తెగులు తట్టుకునే గుణాన్ని కూడా మూట కట్టుకుపోతుంది. దారిలో ఎక్కడో దాని ముక్క ఒకటి మన క్రోమోజోముతో మార్పిడి అయితేనే ఆ గుణం మిగులుతుంది. ధార్వాడ నుంచి వచ్చిన జీపీబీడీ-4 కార్డెనాసీ ముక్కను అట్టా మోసుకొచ్చిన రకమే. తుప్పు తెగులునూ, ఆలస్యంగా వచ్చే తిక్క ఆకుమచ్చనూ తట్టుకుంటుంది కూడా. కానీ ఎన్నికలు ఐదేళ్లకోసారి వస్తాయి. ఆ సంగతి క్రోమోజోములకు ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇంతకీ లెక్కింపు ఎట్టా చేస్తారో చూస్తే జాలేస్తుంది. గింజ మొలకెత్తించి, సెంటీమీటరు వేరు రాగానే కొన కత్తిరిస్తారు. 0.002 మోలార్ 8-హైడ్రాక్సీక్వినొలిన్ అనే మందులో మూడు గంటలు. మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపినదాంట్లో ఒక రాత్రి. 60 డిగ్రీల దగ్గర 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు. తర్వాత స్లైడు మీద ఎసిటోకార్మిన్ అనే రంగు చుక్క, పైన కవర్‌స్లిప్, దాని మీద అద్దుడు కాగితం, ఆపైన బొటనవేలు. నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, రెండు కణాలు కలిసిపోయి 40 మొక్క 43 అయి కూర్చుంటుంది, లేదా రెండు జారిపోయి 38 అవుతుంది. వేరుశనగ క్రోమోజోములు అసలే చిన్నవి. అందుకని ఒక్క కణంతో తృప్తి పడక, మొక్కకు పది పదిహేను మంచి కణాలు చూస్తారు. ఓపిక అంటే అదీ. మన దగ్గర సర్వేయరు పొలం రెండోసారి కొలవాలంటేనే నాలుగు అర్జీలు పెట్టాలి.

పైగా చేసిన పనిని వాళ్లే నమ్మరు. కొల్చిసిన్ పెట్టింది మొలక కొన మీద, లెక్కపెట్టింది వేరులో. కొనలో 60 అయినా వేరులో 30 ఉండొచ్చు. ఒకే మొక్కలో ఒక కొమ్మ 60, ఇంకో కొమ్మ 30 కూడా ఉండొచ్చు. కాబట్టి కొమ్మకొమ్మకూ లేత మొగ్గ కోసి పుప్పొడి తల్లి కణాలు చూడాలంటారు. అక్కడ జంటలెన్ని, ఒంటరివెన్ని, నాలుగేసి కలిసి ముడిపడ్డవెన్ని, చీలాక వెనకబడ్డవెన్ని అన్నీ రాయాలి. పుప్పొడికి రంగేసి నిండు రేణువులెన్నో, వట్టివెన్నో కూడా చూడాలి. ఒంగోలు ఎండకు మామూలు రకం పుప్పొడి కూడా చెడుతుంది కనుక, అదే రోజు విత్తిన తల్లి రకాన్ని పక్కన పెట్టి పోల్చాలట. ఎండ మీదికి తోసేసే సౌకర్యం కూడా లేకుండా చేశారు.

ఆవజాతి దగ్గర మాత్రం లెక్కలవాళ్లు గట్టిగా దొరికిపోయారు. 1935లో నగహరు యు అనే శాస్త్రవేత్త ఈ చుట్టరికం తేల్చాడు. ఇక్కడి ఎ, బి, సిలు వేరుశనగ జట్లు కావు, ఆవజాతివి: ఎ జట్టు మొక్కకు 20, బి జట్టుకు 16, సి జట్టుకు 18. ఎ, బి కలిస్తే మన ఆవాలు, 36. ఎ, సి కలిస్తే కనోలా నూనె తీసే నేపస్, 38. ఆ నేపస్‌ను ప్రయోగశాలలో మళ్లీ కొత్తగా తయారు చేస్తే, ఎ, సి జట్లు పాత చుట్టాలు కాబట్టి తమలో తాము జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి. ఎ జట్టులో ఒకటో క్రోమోజోము ఎ1, సి జట్టులో ఒకటోది సి1 మరీ ఒకే పోలిక, అందుకని ఎక్కువ రభస వాటితోనే. కొన్ని తరాలకు ఒక మొక్కలో, రెండేసి ఉండాల్సిన చోట ఎ1 నాలుగు, సి1 సున్నా. లెక్కపెడితే ఎంత? ముప్పై ఎనిమిదే! తలలు సరిపోయాయి, మనుషులు మారిపోయారు. మన పోలింగ్ బూతుల్లో ఇట్టాంటిది జరిగితే ఎంత హుందాగా సర్దుకుంటామో, ఇక్కడా అట్టా సర్దుకోవచ్చు. కానీ వీళ్లు ఎ జట్టుకో రంగు, సి జట్టుకో రంగు పడే డీఎన్‌ఏ ముక్కలు (ప్రోబులు) తెచ్చి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతారు.

దర్శి వైపు పొద్దుతిరుగుడు రైతు దగ్గర కూడా వీళ్లు మన నోరు కట్టేశారు. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ విత్తితే ఒక మొక్క నడుమెత్తు, ఒకటి తలెత్తు. 'క్రోమోజోములు చెడ్డాయి' అని చెప్పి తప్పుకుందామంటే, 'అవి 34కు 34 ఉన్నాయి, జన్యువులు విడిపోయాయంతే' అంటారు. హైబ్రిడ్ తయారీలో ఆడ మొక్కలుగా వాడే లైనుకు పుప్పొడి రాని గుణం 1969లో ఫ్రాన్సులో పెటియోలారిస్ అనే అడవి జాతి కణద్రవ్యం నుంచి వచ్చింది. దాన్ని సరిచేసే జన్యువు రెండో తరంలో నాలుగింట ఒక మొక్కకు అందదు, ఆ మొక్కకు పుప్పొడి రాదు. పువ్వు మధ్యలో గింజ తాలుపోతే అదీ క్రోమోజోము కాదట. తేనెటీగలు రాలేదా, పూత దశలో నీరు అందిందా, బోరాన్ ఉందా చూడమంటారు. పైరేకులు విప్పారేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కొట్టమంటారు. ఏ నింద ఎవరిమీద వెయ్యాలో కూడా వాళ్లే చెబితే ఇక మనమెందుకు?

నువ్వుల్లోనూ ఇదే తంతు. కోరమాండల్ తీరపు ఇసకలో పాకే అడవి నువ్వుకు 32, మన నువ్వుకు 26, సంకరానికి 29. గొడ్డుది. రెట్టింపు చేస్తే 58.

చివరగా వేరుశనగ కోత రోజు. 50 నుంచి 40కి జారే దశలో ప్రతి మొక్కనూ విడిగా పీకి, విడి గుడ్డసంచిలో వేసి, చీటీ లోపలొకటి, బయటొకటి పెట్టాలి. పెన్సిలుతోనే రాయాలి, ఇంకు తడికి అలుక్కుపోతుంది. సాయంత్రం చీకటి పడుతుందని ఎవరో అన్నీ ఒకే గోనెలో కుమ్మరించారంటే 42వీ 47వీ ఏకమై, మళ్లీ గింజగింజనూ మొలకెత్తించి చూసుకోవాలి. ఇంత ఏడుపు అవసరమా? గోనె నిండింది. మూతి కుట్టి, పైన మంచి పేరొకటి రాస్తే సరిపోతుంది. పేరు చివర 'గోల్డ్' తగిలిస్తే ప్యాకెట్టుకు ఇంకో వంద ఎక్కువ చెప్పొచ్చు.