అమ్మ పేరున ఒక మైళ్ళ ఖాతా

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ అయ్యాక, భోజనాలకు ముందు క్రెడిట్ కార్డు పాయింట్లు, విమానం మైళ్ళతో ప్రయాణాలు ఎలా చేయొచ్చో చెప్పిన క్లాసు మీలో చాలామంది విన్నారు. కొత్త కార్డు తీసుకుంటే ఇచ్చే బోనస్ పాయింట్లతో మాల్దీవుల్లో ఐదు రాత్రులు ఎలా ఉండొచ్చో, నాలుగు రాత్రుల పాయింట్లకే ఐదో రాత్రి ఏ హోటల్లో కలిసొస్తుందో మన కుర్రాడు చక్కగానే చెప్పాడు. చివర్లో వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి అడిగారు: "బావూ, నాను నాలుగుసార్లు ఒచ్చినాను, ఎల్లినాను. నాకేటీ రావా?"

హాలంతా నవ్వింది. "మీ అబ్బాయిని అడగండమ్మా" అని మైకు ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ పూట అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. కార్డు పాయింట్లు కార్డు ఉన్నవాళ్ళవి. విమానం మైళ్ళు, అంటే ఎక్కిన ప్రయాణానికి ఎయిర్‌లైన్స్ మన ఖాతాలో వేసే, తర్వాత టికెట్లకు వాడుకునే పాయింట్లు, మాత్రం టికెట్ ఎవరు కొన్నా, సీట్లో కూర్చున్న మనిషివి. శ్రీకాకుళం నుంచి విశాఖ, హైదరాబాదు, ఆపైన దోహా మీదుగా మోకాళ్ళ నొప్పులతో వచ్చింది ఆవిడ. ఆవిడ పేరున ఖాతా లేక ఆ మైళ్ళు ఎవరికీ కాకుండా పోయాయి.

నేనూ అదే తప్పు చేశాను. మా అమ్మ నరసన్నపేట నుంచి మూడుసార్లు వచ్చింది. బుక్ చేసిన ప్రతిసారీ ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు (మైళ్ళ ఖాతా నంబరు) గడి ఖాళీగా వదిలేశాను. తర్వాత ఒక రాత్రి నాన్నకు గుండెపోటు అని ఫోన్. మర్నాటి టికెట్ ధర చూస్తే చేతులాడలేదు. పిల్లల్ని యూరప్ తీసుకెళ్దామని ఒక ఎయిర్‌లైన్స్‌లో దాచిన లక్ష మైళ్ళు గుర్తొచ్చి ఖాతా తెరిచాను. సున్నా. చాన్నాళ్ళుగా లావాదేవీ లేదని రద్దు చేశారు. వాళ్ళతోనూ వీళ్ళతోనూ మాట్లాడేసరికి ఆ విమానం వెళ్ళిపోయింది. నేను ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది.

పదోరోజు నాన్న కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే, పాస్‌పోర్టు పక్కన రబ్బరు బ్యాండు చుట్టి అమ్మ బోర్డింగ్ పాసులన్నీ కనబడ్డాయి. అంచుల్లో పసుపు మరకలు. ఎందుకమ్మా అంటే, "పారీమని నువ్వు సెప్పనేదు కదరా" అంది. ఖాతా ఉంటే, వాటి మీది టికెట్ నంబర్లతో తర్వాతైనా మైళ్ళు అడగొచ్చు. కానీ చాలా ఎయిర్‌లైన్స్ ఆరు నెలలో, ఏడాదో దాటితే ఇవ్వవు. అన్నీ దాటిపోయాయి.

పాయింట్ల పిచ్చి మంచిది కాదనేవాళ్ళ మాటా నిజమే. కార్డు బాకీ నెల దాటితే వడ్డీ ముందు ఏ బోనస్సూ నిలవదు. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఏ టికెట్‌కు ఎన్ని మైళ్ళో ముందే చెప్పే పట్టికలు తీసేశాయి కాబట్టి, దాచుకున్నకొద్దీ విలువ నిలుస్తుందన్న నమ్మకం లేదు. మాల్దీవులు వెళ్ళడమూ తప్పు కాదు. కానీ ముందు ఊరి ప్రయాణానికి సరిపడా మైళ్ళు పక్కన పెట్టండి. యునైటెడ్, డెల్టా మైళ్ళకు గడువు లేదు. ఎమిరేట్స్, సింగపూర్ వాటికి మూడేళ్ళు. మీ ఖాతాల్లో ఏది ఎప్పుడు పోతుందో ఈ రాత్రే చూసుకోండి. మన మైళ్ళతో అమ్మానాన్నలకు టికెట్ తీయొచ్చు. యునైటెడ్‌లో 2024 నుంచి ఐదుగురి దాకా మైళ్ళు ఒకచోట కలుపుకోవచ్చు. ఎయిరిండియా 2014 నుంచి, యునైటెడ్ కూడా ఉన్న స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమిలో ఉంది కాబట్టి, ఆ విమానంలో వచ్చిన అమ్మ మైళ్ళు చాలా టికెట్లకు యునైటెడ్ ఖాతాలోనే వేయించుకోవచ్చు. ఖాతాలో పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా రాస్తే మైళ్ళు ఆగిపోతాయి. మనవాళ్ళకు తరచూ జరిగేది ఇదే.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. ఉగాదికి రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఒక ల్యాప్‌టాప్, ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఊరినుంచి వచ్చిన ప్రతి అమ్మకూ నాన్నకూ అక్కడికక్కడే ఖాతా తెరిపిద్దాం. మొదటిది ఆ పెద్దావిడ పేరున. ఆవిడ నవంబరులో వచ్చారట. ఖాతా తెరవక ముందటి ప్రయాణాలకు అన్ని ఎయిర్‌లైన్స్ ఇవ్వవు కానీ, ఆ మైళ్ళు అడిగి చూద్దాం. బోర్డింగ్ పాసు దాచుకునే ఉంటారు.