తార అంటే ఐర్లండ్‌లో నక్షత్రం కాదు

మా చెల్లెలు ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉంటుంది, ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అక్కా, పాప పుడితే తార అని ఫిక్స్ చేసేద్దామా? ఐరిష్‌లో కూడా నక్షత్రమేనట, మావయ్యగారు పంపారు" అంది. మావయ్యగారు పంపిన ఆ వాట్సాప్ మెసేజ్ నాకు అప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చింది. ఐరిష్ ఆడపిల్లల పేర్లన్నీ వేల ఏళ్లనాటి సెల్టిక్ పేర్లని, తార, షీలా లాంటివి మన సంస్కృతం నుంచే వెళ్లాయని, ఆ పేర్లు రాసేదొకటి పలికేదొకటి, పద్ధతంటూ ఏమీ లేదని అందులో ఉంది. కింద పేర్లు, అర్థాల పట్టిక. డబ్లిన్‌లో ఇన్నేళ్లుగా ఈ పేర్ల మధ్యే పనిచేస్తున్నాను. రేపు పిల్లని పిలిచిన ప్రతిసారీ ఒక తప్పు అర్థం తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు తార సంగతి. ఐర్లండ్‌లో తారా ఒక కొండ. మీథ్ కౌంటీలో ఉంది. పాతకాలపు మహారాజులకు పీఠమని చెప్పుకునే చోటు. దాని ఐరిష్ పేరు వేరు, అది ఇంగ్లీషు వాళ్ల నోట పడి తారా అయింది. నక్షత్రాన్ని ఐరిష్‌లో రేల్తా అంటారు. రెండు పేర్లూ ఒకేలా వినపడటం కాకతాళీయం, అంతే. షీలా కూడా అలాగే. మన శీలానికీ దానికీ సంబంధం లేదు. అది సెసీలియా అనే లాటిన్ పేరు ఐరిష్ నోట్లో మారిన రూపం.

బాధేమిటంటే, చుట్టరికం లేనిచోట కలిపిన ఈ మెసేజ్, నిజంగా ఉన్నచోట ఒక్క ముక్క రాయలేదు. బ్రిజిడ్ పేరు చూడండి. కిల్డేర్‌లో మఠం స్థాపించిన సెయింట్ ఆమె, అంతకుముందు అదే పేరుతో ఒక దేవత. 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో ఆమె పేరున దేశమంతా సెలవు. ఆ పేరుకు అర్థం 'ఉన్నతురాలు'. అది మన బృహత్, బృహతి మాటలకు అక్షరాలా దాయాది. ఒకటి ఇంకోదాన్నుంచి వెళ్లింది కాదు, రెండూ ఒకే మూలభాష నుంచి వచ్చాయి.

నాకు అంతకన్నా ఇష్టమైనది మేవ్. పాత ఐరిష్ కథల్లో కొనాక్ట్ అనే పడమటి రాజ్యానికి రాణి ఈమె. ఆస్తిలో తనూ మొగుడూ సరిసమానమా కాదా అని లెక్కలు వేస్తే ఒక్క ఎద్దు తక్కువైంది. ఆ లోటు తీర్చుకోవడానికి కూలీ అనే చోట ఉన్న గోధుమరంగు ఎద్దు కోసం ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ రాజ్యం మీదకు దండెత్తింది. విరాటపర్వంలో గోగ్రహణం చదివినవాళ్లకి ఆ కథ పరాయిదిగా అనిపించదు. 1977లో వచ్చిన ఒక పౌండు నోటు మీద ఈవిడ బొమ్మే వేశారు. మేవ్ అంటే 'మత్తెక్కించేది', తేనెతో చేసే మద్యం పేరు నుంచి పుట్టిన మాట. మన మధువు కూడా ఆ మూలం నుంచే వచ్చింది. జార్జ్ ద్యుమెజీల్ అనే ఫ్రెంచి పండితుడు ఈ మేవ్‌ని, భారతంలో యయాతి కూతురు మాధవిని పక్కపక్కన పెట్టి చూశాడు. ఇద్దరి జీవితాల్లోనూ ఒకరి తర్వాత ఒకరుగా రాజులు వచ్చారు, ఇద్దరి పేర్లలోనూ మధువుంది.

ఇక 'అన్నీ వేల ఏళ్లనాటి సెల్టిక్ పేర్లే' అన్న మాట. షివాన్, షినేడ్, కాట్‌లీన్ వింటే అచ్చమైన ఐరిష్ పేర్లనిపిస్తాయి. 1169లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఐర్లండ్‌లో దిగారు, వాళ్ల వెంట వాళ్ల పేర్లూ వచ్చాయి. జెహాన్ అనే ఫ్రెంచి పేరు షివాన్ అయింది. మూలం హీబ్రూ, 'దేవుడు కరుణించాడు' అని. షినేడ్ కూడా ఆ కుటుంబమే. కాట్‌లీన్ అంటే క్యాథరిన్. మేరీ కథ ఇంకా బాగుంటుంది. ఏసు తల్లి పేరు ముయిర అని ఆమెకే ఉంచేసి, ఆడపిల్లలకు మార్యె అనే వేరే రూపం పెట్టుకున్నారు.

సీర్ష అయితే మరీ కొత్తది. మాట పాతదే, అర్థం 'స్వేచ్ఛ'. ఆడపిల్లకు పేరుగా పెట్టడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం తర్వాత వచ్చింది. మల్లు స్వరాజ్యం గారి పేరు గుర్తు చేసుకోండి, ఆ ఊపిరి ఇందులో కూడా ఉంది. ఆ పట్టికలోలా దాన్ని దేవత పేరని రాస్తే ఆ చరిత్రంతా పోతుంది. ఫియోనా ఐరిష్ కూడా కాదు, స్కాట్లండ్ రచయితల కలాల నుంచి వచ్చిన పేరు. షానన్ నది పేరు. మనం గోదావరి అని పెట్టుకున్నట్టు అక్కడి జనం పెట్టుకోలేదు, అది అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల్లో మొదలైంది.

అర్థాల పట్టికలో కొలీన్ అంటే 'అందం' అట. ఐరిష్‌లో ఆ మాటకు అర్థం ఉత్త 'అమ్మాయి'. డీర్‌డ్రె అంటే 'దుఃఖం' అట. దుఃఖానికి ఐరిష్ మాట బ్రోన్. పాత ఐరిష్ కథల్లోని డీర్‌డ్రె కథ దుఃఖం, పేరు కాదు. కష్టాలు పడింది కాబట్టి సీత అంటే 'కష్టం' అని రాసేస్తామా? సీత అంటే నాగేటి చాలు. ఈఫ అంటే 'ఈవ్' అని రాయడం కూడా తప్పే. 1170లో నార్మన్ దొర స్ట్రాంగ్‌బోని పెళ్లాడిన రాకుమారి ఈఫని ఇంగ్లీషు వాళ్లు ఎవా అని రాసుకున్నారు. ఆ గందరగోళం ఇప్పటిదాకా వచ్చింది. ఈఫలో ఉన్నది 'అందం, కాంతి' అనే అర్థమున్న ఐరిష్ మాట. బైబిల్ ఈవ్‌కి వాళ్ల పేరు ఏవ.

రాతకు పద్ధతి లేదన్న మాటకి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఐరిష్ రాతకు గట్టి నియమాలున్నాయి. మనం వాటిని ఇంగ్లీషు కళ్లతో చదువుతున్నాం, అంతే. బి పక్కన హెచ్, ఎమ్ పక్కన హెచ్ వస్తే వ పలుకుతుంది. అందుకే షివాన్‌లో బి-హెచ్, నీవ్‌లో, కీవలో ఎమ్-హెచ్ కనిపిస్తాయి. ఐ, ఇ పక్కన ఎస్ వస్తే ష. సి ఎప్పుడూ క, కాబట్టి సియారా కాదు, కీర. పాత లిపిలో ఈ హెచ్ ఉండేదే కాదు, అక్షరం నెత్తిన చుక్క పెట్టేవాళ్లు. మన బ కింద గీత పెట్టి భ చేసుకున్నట్టే. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే, మార్యెని పిలిచేటప్పుడు 'అ వార్యె' అంటారు, మొదటి అక్షరమే మెత్తబడుతుంది. తల్లి పక్కన చేరగానే తండ్రి 'దండ్రి' అయిపోయే భాష మనది. మనకి ఇది వింతగా ఎందుకు ఉండాలి?

అచ్చుల మీద పెట్టే ఏటవాలు గీతని కూడా వదిలేయకూడదు. షాన్ అనే మగపిల్లాడి పేరులో ఆ గీత తీసేస్తే 'ముసలి' అనే మాట మిగులుతుంది. పేరు రిజిస్టర్ చేయించేటప్పుడు ఫారంలో ఆ గీత పడిందో లేదో చూసుకోండి.

చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెప్పాను. తార పెట్టొద్దని అనలేదు. నక్షత్రం అనుకుని పెట్టుకుంటే అది మన పేరే, ఐరిష్ అని చెప్పుకోనక్కర్లేదు. ప్రస్తుతం తను మేవ్, మాధవి రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూస్తోంది. మావయ్యగారికి ఆ ఎద్దు కథ నేనే చెప్తానన్నాను.